ఈనెలు తీస్తూ చెప్పిన మాటలు

శ్రోతలకు నమస్కారం.

ముప్పై ఏళ్ళు కోనసీమ పల్లెల్లో ఒకటో తరగతి చెప్పినదాన్నండీ. జూన్‌లో బడి తెరిచిన వారానికే తెలిసిపోయేది, ఏ పిల్లలు వెనకబడతారో. పలక లేకపోతే బడిలో ఇచ్చేవాళ్ళం, అది పెద్ద లోటు కాదు. "నిన్న ఇంట్లో ఏం చేశావమ్మా?" అని అడిగితే ఒక్క ముక్క చెప్పి ఆగిపోయే పిల్లలుండేవారు. ఎక్కువమంది కూలి చేసుకునే ఇళ్ళవాళ్ళే. కొందరు వాళ్ళని మొద్దులనేవారు. మొద్దులు కారండీ. వాళ్ళతో కూర్చుని మాట్లాడే తీరిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

పేదరికం అనగానే మనకి ఖాళీ కంచం గుర్తొస్తుంది. రావాలి కూడా. రక్తం తక్కువైన పిల్ల పాఠం మీద మనసు నిలపలేదు. మన లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరే 2024లో బడి భోజనానికి పెట్టారు. ఈ ప్రాంతం మనిషిగా నాకెంతో సంతోషం. కానీ బడి భోజనం అందేసరికి బిడ్డకి ఐదారేళ్ళొస్తాయి. మెదడు అన్నాళ్ళు ఆగదు. మూడేళ్ళు నిండేసరికే అది పెద్దవాళ్ళ మెదడులో సుమారు 80 శాతం అంత పెరుగుతుంది. అంగన్‌వాడీలో ఆటపాటలు మొదలయ్యేదేమో మూడేళ్ళు నిండాకే. ఆ మొదటి మూడేళ్ళలో బిడ్డకి ఇల్లే బడి.

ఇక్కడొక ఇంటి సంగతి చెబుతాను. కాలవ గట్టు మీద రేకుల ఇల్లు. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. రెండున్నరేళ్ళ మనవరాలిని అమ్మమ్మ పెంచుతోంది. నేను వెళ్ళేసరికి ఆవిడ కొబ్బరాకులు ముందేసుకుని, చీపుర్లకి ఈనెలు తీస్తోంది. సర్రు, సర్రు... ఆ ఇంట్లో ఆ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పాప పక్కనే కూర్చుని ఆ కత్తి వంకే చూస్తోంది. "మాటలు రాలేదమ్మా దీనికి" అంది ఆవిడ. చెవులు చూపించారా అని అడిగాను. చూపించారు, బాగానే ఉన్నాయన్నారట. మీ ఇంట్లోనూ బిడ్డకి మాటలు ఆలస్యమైతే ముందు చెవులు చూపించండి. ఇది మాత్రం మర్చిపోకండి.

అంగన్‌వాడీ టీచరు ఆవిడకి చెప్పిన మాట నాకు భలే నచ్చింది. "పిన్నిగారూ, పని మానొద్దు. చేసే పనే పైకి చెప్పండి. ఇది పొడుగుది, ఇది పొట్టిది, ఇది పచ్చిది అనండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టండి." ఆవిడ నవ్వేసింది. "పసిదానికి ఏం తెలుస్తదండి?" "తెలియకపోయినా చెప్పండి."

తెలియకపోయినా చెప్పమనడం వెనక పెద్ద సంగతే ఉంది. జమైకా దేశంలో కింగ్‌స్టన్ అనే ఊరుంది. 1986-87లో అక్కడి పేదవాడల్లో, వయసుకి తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసిపిల్లల్ని ఎంచుకున్నారు. కొందరి ఇళ్ళకి వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళేది. ఒక గంటసేపు తల్లితో, బిడ్డతో కూర్చునేది. పారేసిన డబ్బాలతో, సీసాలతో బొమ్మలు చేసి ఆడించేది, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేది. రెండేళ్ళు అలా వెళ్ళింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పిల్లల్ని వెతికి పట్టుకుని లెక్క చూస్తే, ఆటా మాటా అందినవాళ్ళు, అందనివాళ్ళకన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు! కొందరు పిల్లలకి పాలపొడి ఆహారం ఇచ్చారు. అది ఒక్కటే ఇచ్చినవాళ్ళ సంపాదనలో అంత తేడా రాలేదు. పాలు వద్దని కాదండీ, పాలూ కావాలి. పాలతోపాటు మాటా కావాలి.

ఏ తల్లినీ తప్పుపట్టడానికి నేనిది చెప్పడం లేదు. తెల్లారకముందే రొయ్యల షెడ్డుకి వెళ్ళి, చీకటి పడ్డాక కాళ్ళు వాచిపోయి వచ్చిన మనిషికి కబుర్లు చెప్పే ఓపిక ఎక్కడిది? ఆ అలసట కూడా పేదరికమే. అందుకే విడిగా టైమ్ తీసుకోమనడం లేదు నేను. బియ్యం కడుగుతున్నారా, కడుగుతున్నానని చెప్పండి. స్నానం చేయిస్తున్నారా, ఇది చెయ్యి, ఇది మోచెయ్యి అనండి. బిడ్డ ఊఁ అంటే మీరూ ఊఁ అనండి. చేసే పనే పైకి చెప్పండి, అంతే.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఆ గట్టు మీదకి వెళ్ళాను. ఆ రోజు శుక్రవారం, తల్లి వీడియో కాల్ చేసే రోజు. "తిన్నావా? పడుకున్నావా?" ఎప్పుడూ అడిగే మాటలే అడిగింది. పాప జవాబు చెప్పలేదు. వంగి కుప్పలోంచి ఒక ఈనె తీసి, ఫోన్‌కి అడ్డంగా పెట్టింది.

"అమ్మా, ఇది పొట్టిది."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత బొంగురు గొంతుతో వినపడింది. "అవునా తల్లీ? మరి పొడుగుదేదీ?"

పాప గబగబా కుప్పలో వెతకడం మొదలెట్టింది.