పళ్ళచక్రం తిరుగుతుందా?

శ్రోతలకు నమస్కారం.

2015 ఆగస్టులో అమెరికాలోని గేమ్ షో నెట్‌వర్క్ అనే కేబుల్ చానెల్ స్టీమ్‌పంక్‌డ్ పేరుతో ఒక పోటీని ప్రారంభించింది. పదిమంది పోటీదారులు, లక్ష డాలర్ల బహుమతి, వ్యాఖ్యాతగా జీనీ మాయ్: పాటల పోటీలకూ వంటల పోటీలకూ అలవాటుపడిన ప్రేక్షకులకు ఈ చట్రం పాతదే. కొత్తదనమంతా పోటీదారులు చేయవలసిన పనిలో ఉంది. గదులనూ దుస్తులనూ స్టీమ్‌పంక్ శైలిలో తీర్చిదిద్దడమే ఆ పని.

స్టీమ్‌పంక్ అన్న మాటను 1987లో కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో కొంత వేళాకోళంగానే వాడాడు. తానూ తన మిత్రులూ రాస్తున్న విక్టోరియా కాలపు కల్పనా కథలకు ఒక పేరు కావలసి వచ్చింది, అంతే. ఆవిరి యంత్రాన్ని విద్యుత్తూ పెట్రోలూ పక్కకు నెట్టకపోయి ఉంటే నేటి మన వస్తువులు ఎలా ఉండేవన్న ఊహ క్రమంగా పుస్తకాలు దాటి వడ్రంగుల, కంసాలుల, తోలుపనివారి చేతుల్లోకి వచ్చింది. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియం ఈ వస్తువులతో ఒక ప్రదర్శననే ఏర్పాటు చేసింది.

ఈ శైలికి ప్రాణం ఎక్కడుందో తెలియాలంటే బాయిలరు మీద ఉండే పీడనమాపకాన్ని ఒకసారి విప్పి చూడాలి. 1849లో యూజీన్ బూర్డాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పేటెంటు పొందిన ఆ పరికరంలో కొడవలిలా వంగిన ఒక చదునైన లోహపు గొట్టం ఉంటుంది. దాని ఒక కొన మూసి ఉంటుంది. బాయిలరులోని ఆవిరి వల్ల లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ గొట్టం నిటారు కావాలని చూస్తుంది. మూసిన కొన జరిగిన ఆ కాస్త దూరాన్నే చిన్న పళ్ళచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. అందులో అలంకారమన్నది లేదు. అయినా చూపు తిప్పుకోలేనంత అందంగా ఉంటుంది. తన పనిని తెల్లటి ప్లాస్టిక్ డొప్పలో దాచుకునే నేటి యంత్రం మీద స్టీమ్‌పంక్ అభిమానుల ఫిర్యాదు ఇదేనని నేను అనుకుంటాను.

టెలివిజన్ పోటీకి వచ్చేసరికి అసలు చిక్కు గడువుతో మొదలవుతుంది. న్యాయనిర్ణేతల్లో ఒకరైన థామస్ విల్లెఫర్డ్ తోలుతోనూ ఇత్తడితోనూ యంత్రహస్తాల వంటివి చేసి పేరు పొందిన పనివాడు. అటువంటి పని కొద్ది గంటల్లో తేలేది కాదు. గడువు తరుముతుంటే ఎవరికైనా ప్లాస్టిక్ గొట్టానికి రాగిరంగు పూసి, పాత గడియారాల చక్రాలను జిగురుతో అతికించాలనే బుద్ధి పుడుతుంది. రాగికి పాతదనం తేవాలన్నా అంతే. మన ఇళ్ళలో చింతపండుతో తోమి తోమి వదిలించే చిలుమును, అక్కడి పనివారు ఉప్పూ వెనిగరూ పట్టించి మరీ తెప్పించుకుంటారు. కాలం మెల్లగా చేసే పనిని ఒక్క పూటలో చేయించడమే ఇక్కడి కిటుకు. దాన్ని నేను మోసమనను. నాటకరంగంలో అట్ట కిరీటాన్ని మోసమంటామా? కాని చక్రం సంగతి వేరు. చక్రమంటే తిరుగుతానని ఇచ్చిన మాట.

అందుకే ఇటువంటి పోటీలు చూసేటప్పుడు నేను తళతళలాడే గొట్టాలను వదిలేసి, ఏ చక్రం పళ్ళు ఏ చక్రంతో కలుస్తున్నాయో చూస్తాను. పక్కపక్కనున్న రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ఆ రెండింటికీ తగిలేలా మూడోదాన్ని త్రికోణంగా బిగిస్తే ఇక మూడింటిలో ఏదీ కదలదు. అందం కోసమే అతికించినవారు దొరికిపోయేది సరిగ్గా అక్కడే.