పన్ను ఎందుకు పగలదు?
(తిరుపతిలో ఇంజనీరింగ్, దంతవైద్య విద్యార్థుల ఉమ్మడి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మెకానికల్ పిల్లలు ఒకవైపు, డెంటల్ పిల్లలు ఒకవైపు సర్దుకుని కూర్చున్నారు. ఇద్దరికీ పనికొచ్చే వస్తువు అందరి నోట్లోనూ ఉంది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

అన్నంలో రాయి తగిలి కటుక్కుమంటుంది. వండినవాళ్ళకు నాలుగు తిట్లు పడతాయి. పన్ను మాత్రం చాలాసార్లు నిలిచే ఉంటుంది. ఆ రాయి క్వార్ట్జ్ అయితే, ఏది దేనిమీద గీత పెట్టగలదో చూసి అంకె వేసే మోస్ స్కేలు మీద దాని కాఠిన్యం 7, పంటి పైపొర ఎనామిల్‌ది సుమారు 5. రాయి ఎనామిల్ మీద గీత పెట్టగలదు, పెడుతుంది కూడా. అయినా పన్ను రెండు ముక్కలు కావడం అరుదు. గట్టిగా ఉండటం వేరు, పగలకుండా ఉండటం వేరు. ఇవాళ నా మాటంతా ఈ తేడా గురించే.

ముందు కొలత సంగతి. పరీక్షలకు ఎక్కువగా వాడేది తీసేసిన జ్ఞానదంతాలు. వాటిని తడి ఆరనివ్వకూడదు. ఎండితే లోపలి డెంటిన్ బిగుసుకుని పెళుసవుతుంది, అప్పుడు వచ్చే అంకె నోట్లో ఉన్న పంటిది కాదు. నీళ్ళు పోస్తూ వజ్రపు రంపంతో కోసి, ముతక నుంచి సన్నానికి దశలవారీగా పాలిష్ పడతారు. కుప్పంవైపు గ్రానైటు పలకలకు పాలిష్ పట్టడం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఇదీ అదే వరస. తరువాత మూడు ముఖాల వజ్రపు మొనతో మెల్లగా నొక్కి వదులుతారు. ఎంత బలానికి ఎంత లోతు దిగిందో యంత్రం రాసుకుంటూ పోతుంది. ఆ గ్రాఫు గీత నుంచి కాఠిన్యాన్నీ, సాగుడు గుణకాన్నీ (అంటే నొక్కితే ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే అంకెను) రాబట్టే పద్ధతిని 1992లో ఆలివర్, ఫార్ అనే శాస్త్రవేత్తలు స్థిరపరిచారు.

ఎనామిల్ గుణకం 70 నుంచి 100 గిగాపాస్కల్స్, డెంటిన్‌ది 20 ప్రాంతం. కాఠిన్యం ఎనామిల్‌కు 3 నుంచి 5 గిగాపాస్కల్స్, డెంటిన్‌కు ఒకటి లోపే. ఇక్కడితో ఆగిపోతే మనకు తెలిసింది సగమే. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజం. అలాంటి పదార్థం గాజులా పెళుసుగా ఉండాలి.

అది నిలబడేది అమరిక వల్ల. ఎనామిల్‌లోని ఖనిజం పేరు హైడ్రాక్సీఅపటైట్. పదుల నానోమీటర్ల మందమున్న దాని స్ఫటికాలు కట్టలు కట్టలుగా చేరి, సుమారు 5 మైక్రాన్ల వెడల్పు కడ్డీలవుతాయి. పైభాగంలో ఇవి దాదాపు సమాంతరంగా నడుస్తాయి. లోపలికి వెళ్ళేకొద్దీ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ అల్లుకుంటాయి. పైన మొదలైన పగులు ఈ అల్లికలోకి వచ్చేసరికి తిన్నగా పోలేదు, ప్రతి మలుపులోనూ శక్తి ఖర్చవుతుంది. అదీ దాటితే ఎనామిల్, డెంటిన్ కలిసే వంకీల సరిహద్దు దగ్గర చాలావరకు ఆగిపోతుంది. అవతలి డెంటిన్‌లో కొల్లాజెన్ అనే ప్రొటీను ఉంది, నీరు ఉంది, అది కాస్త సాగుతుంది.

ఇంకో వింత. ఆ సరిహద్దు దగ్గర ఎనామిల్‌లో పుట్టుకతోనే పగుళ్ళలాంటి లోపాలు ఉంటాయి, వాటిని టఫ్ట్స్ అంటారు. వాటి నిండా ప్రొటీను. బరువు పడినప్పుడు ఒక్క పెద్ద పగులు బదులు చిన్నవి చాలా కొద్దికొద్దిగా తెరుచుకుంటాయి. నడివయసు వాళ్ళ ముందుపళ్ళకు పక్కనుంచి టార్చి పట్టి చూడండి, నిలువు గీతలు కనిపిస్తాయి. ఆ పగుళ్ళతోనే ఏళ్ళ తరబడి నములుతున్నారు. ఇంజనీరు ఎవరైనా అలాంటి భాగాన్ని తనిఖీలోనే తిప్పి పంపేస్తాడు! ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్ కట్టిన కణాలు పన్ను మొలిచేసరికే పోతాయి కాబట్టి దానికి ఆ వీలు లేదు.

మన ప్రాంతంలో చేయదగ్గ పని ఒకటి చెప్పి ముగిస్తాను. రాయలసీమలో చాలా పల్లెల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు గురించి రాశారు. కొద్దిపాటి ఫ్లోరైడ్ ఎనామిల్‌కు పులుపును తట్టుకునే బలమిస్తుంది. పన్ను తయారయ్యే వయసులో మోతాదు మించితే పైన పలుచని గట్టి పొర, దాని కింద ఖనిజం తగ్గి గుల్లబారిన పొర మిగులుతాయి. అలాంటి పంటిని పైన ఒక్కచోట నొక్కి అంకె రాసుకుంటే బాగానే ఉందనిపిస్తుంది. నిలువునా కోసి, పైనుంచి లోపలికి వరుసగా నొక్కుకుంటూ పోతేనే ఆ మెత్తదనం ఎక్కడ మొదలై ఎంత లోతుకు పోయిందో బయటపడుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.