మొదటి చుక్క రంగు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంటర్‌లో రసాయన శాస్త్రానికి నూటికి తొంభై తెచ్చుకున్న పిల్లలు కూడా డిగ్రీ ప్రయోగశాలలో అడుగుపెట్టగానే తడబడతారు. ఎందుకలా? విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, అసలు చిక్కు ఎక్కడ?

మేడమ్: నమస్కారమండీ. రెండేళ్ల పాటు నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడమే చదువనుకున్న పిల్లలు వాళ్లు. ద్రావణాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం, బ్యూరెట్, దాని ముందు నిలబడితే ఆ నాలుగూ ఉండవు కదా! కంటికి కనిపించినదాన్ని నమ్మాలి. అది వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

వ్యాఖ్యాత: ఒక ప్రయోగం తీసుకుని చెప్పండి.

మేడమ్: పర్మాంగనేట్ అంశమాపనమే తీసుకుందాం. అంశమాపనం, అంటే టైట్రేషన్: ఒక ద్రావణాన్ని ఇంకోదానిలో చుక్కచుక్కగా వేసి, చర్య పూర్తవడానికి ఎంత పట్టిందో కొలవడం. ఫ్లాస్కులో ఆక్జాలిక్ ఆమ్లం, దానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేస్తాం. బ్యూరెట్‌లో పర్మాంగనేట్. వేసిన చుక్క రంగు చర్యలో పోతుంది; ఇక పోకుండా నిలిచిందంటే చర్య పూర్తయినట్టు. ముదురు ఊదా రంగు కాబట్టి ద్రవం అడుగు వంపు కనిపించదు, పై అంచు దగ్గరే రీడింగ్ తీసుకోవాలి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది లెక్కలు తప్పుతాయో!

వ్యాఖ్యాత: హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకూడదంటారు, ఎందుకు?

మేడమ్: పర్మాంగనేట్ అందులోని క్లోరైడ్‌నూ ఆక్సీకరణం చేస్తుంది. అంటే పర్మాంగనేట్ అదనంగా ఖర్చవుతుంది, రీడింగ్ ఎక్కువ వస్తుంది. "వాడరాదు" అని బట్టీ పట్టినవాళ్లకు ఈ కారణం తెలియదు.

వ్యాఖ్యాత: ఒక అమ్మాయి సంగతి చెబుతానన్నారు.

మేడమ్: అవును. పల్లెటూరి నుంచి వచ్చింది, తెలుగు మాధ్యమం. మొదటి చుక్క వేసి, "మేడమ్, రంగు పోవడం లేదు. అయిపోయిందా?" అని కంగారుగా అడిగింది. ఆగమన్నాను. ఇద్దరం ఫ్లాస్కు వైపే చూస్తూ నిలబడ్డాం. గులాబీ రంగు మెల్లగా వెలిసి, నీళ్లలా తేటపడింది. రెండో చుక్క త్వరగా పోయింది. ఆ తర్వాత పడిన చుక్క పడినట్లే మాయం. "మొదటిదానికే ఎందుకంత సేపు?" అని తనే అడిగింది. ఆ ప్రశ్న కోసమే కదా నేను ఈ ఉద్యోగం చేస్తున్నది!

వ్యాఖ్యాత: మరి జవాబు?

మేడమ్: చర్యలో మాంగనీస్ అయాన్లు పుడతాయి. పుట్టినవే ఆ చర్యకు ఉత్ప్రేరకమై దాన్ని వేగంగా నడిపిస్తాయి. దాన్నే స్వయం ఉత్ప్రేరణ అంటారు. మొదటి చుక్కప్పుడు ఆ అయాన్లు దాదాపు ఉండవు, అందుకే ఆలస్యం. ఆ రోజు రికార్డులో "మొదటి చుక్క రంగు చాలాసేపు నిలిచింది" అని రాసింది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్లు చూడలేదా? చూశారు. సీనియర్ల రికార్డులో ఆ మాట లేదు కాబట్టి రాయలేదు. రికార్డులు ఎత్తిరాయించే ఈ అలవాటును మనమే పోషిస్తున్నాం. నాకు చాలా బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: తెలుగు మాధ్యమం అన్నారు. భాష అడ్డు కాలేదా?

మేడమ్: మొదట్లో కష్టపడింది. కానీ "సమయోజనీయ బంధం" అన్న మాట చూడండి, ఎలక్ట్రాన్లను కలిసి పంచుకోవడం ఆ పేరులోనే ఉంది. తెలుగులో ఆలోచించిన బిడ్డకు కోవలెంట్ అన్న మాట నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది?

వ్యాఖ్యాత: మంచి పరికరాలు లేవని చాలామంది నిరాశపడతారు.

మేడమ్: పరికరాలు కావాలి, అడగాలి కూడా. అయితే రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి గారిని తలచుకోండి. 1933లో విశాఖపట్నంలోని వాల్తేరు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగాన్ని పెంచారు. పత్తి పువ్వుల్లోని పసుపు రంగు పదార్థాలను విడదీసి, వాటి నిర్మాణాలు తేల్చారు. మన చేలల్లో పూసే పువ్వే ఆయనకు పరిశోధన. 1960లో లండన్‌లోని ప్రసిద్ధ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు.

వ్యాఖ్యాత: ఉద్యోగాల మాట?

మేడమ్: హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలున్నాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, అంటే కర్బన రసాయన శాస్త్రం, చదివినవాళ్లకు అక్కడ పని దొరుకుతుంది.

వ్యాఖ్యాత: ఆ అమ్మాయి ఆ తర్వాత?

మేడమ్: మరుసటి వారం తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ముందే కొంచెం మాంగనీస్ సల్ఫేట్ వేస్తే?" అంది. చేసి చూద్దాం రమ్మన్నాను. చిటికెడు వేసి, మొదటి చుక్క వదిలింది. రంగు అప్పటికప్పుడే పోయింది. ఆమె బ్యూరెట్ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది.