గ్రూప్‌లో గుడ్ మార్నింగ్‌లు తప్ప మాటల్లేవు: సోషల్ టీచర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పిల్లలు ఆన్‌లైన్‌లో సోషల్ పాఠాల గురించి, ప్రపంచంలో జరిగే సంగతుల గురించి మాట్లాడుకునేలా ఎలా ప్రోత్సహించాలి? ఈ రోజు మన విషయం ఇదే. స్టూడియోలో మనతో ఉన్న మేడమ్ హైదరాబాద్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు సోషల్ బోధించి రిటైరయ్యారు. మొదటి కాలర్ లైన్‌లోనే ఉన్నారు. హలో, చెప్పండి.

శ్రోత (మలక్‌పేట): నమస్తే మేడమ్. మా పాప టెన్త్. వాళ్ల సోషల్ సారు ఒక గ్రూప్ పెట్టారు. రాత్రి పదకొండు దాకా ఆ ఫోన్ పట్టుకొని ఏదో దేశం గురించి, ఏదో యుద్ధం గురించి రాస్తూ కూర్చుంటుంది. మాకు టెన్షన్‌గా ఉంది. పుస్తకంలో ఉన్నది చదివితే మార్కులొస్తాయి కదా, ఇవన్నీ ఎందుకు?

టీచర్: నమస్తే అండీ. పాప సోషల్ పుస్తకం ఒకసారి తీసి చూడండి. విద్యా ప్రమాణాలని ఉంటాయి. వాటిలో ఒకటి ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం’. పటంలో గుర్తించడం ఎలా ఒక నైపుణ్యమో, ఇదీ అంతే. ‘మీ అభిప్రాయం రాయండి’ అని వచ్చే ప్రశ్నలు చాలావరకు ఇందులోంచే వస్తాయి. గైడు బట్టీ పట్టిన పిల్లలు సరిగ్గా అక్కడే పెన్ను ఆపేస్తారు. మీ పాపకు ఆ అభ్యాసం ఇప్పుడే దొరుకుతోంది.

శ్రోత: మరి పదకొండు దాకానా మేడమ్?

టీచర్: అది మాత్రం వద్దు. తొమ్మిదింటికి ఫోన్ మీ చేతికి రావాలి. ఇంతకీ ఆ పాప ఏం రాస్తోందో మీరు ఎప్పుడైనా చదివారా?

శ్రోత: లేదండీ. అడిగితే ఏమనుకుంటుందోనని.

టీచర్: అడగండి. చెకింగ్ చేస్తున్నట్టు కాకుండా, ‘ఆ దేశంలో ఏం జరుగుతోందమ్మా, నాకు అర్థం కావట్లేదు, చెప్పు’ అని అడగండి. మీకు ఒప్పుదల కాని చోట వాదించండి కూడా. ఇంట్లో నాన్నతో ఒక విషయం మీద వాదించి నిలబడ్డ పిల్ల బయట ఎక్కడా తడబడదు.

యాంకర్: థ్యాంక్యూ అండీ. ఉప్పల్ నుంచి ఒక సార్ లైన్‌లో ఉన్నారు.

శ్రోత (ఉప్పల్): నమస్కారం మేడమ్. నేను కూడా సోషల్ టీచర్నే, గవర్నమెంట్ హైస్కూల్. నైన్త్ పిల్లలకు గ్రూప్ పెట్టి, ప్రపంచ విషయాలు చర్చిద్దాం అని రాశాను. రోజూ గుడ్ మార్నింగ్ సర్, హ్యాపీ సండే సర్ అని రోజా పూల బొమ్మలు వస్తాయి. ప్రశ్న వేస్తే ఒకడు నెట్‌లోంచి తెచ్చి పెడతాడు, మిగతావాళ్లు దాని కింద బొటనవేలు బొమ్మ పెడతారు. అంతే.

టీచర్: ఏం ప్రశ్న వేశారు సార్?

శ్రోత: ఐక్యరాజ్యసమితి లక్ష్యాలు, ఆశయాలు రాయమన్నాను.

టీచర్: దాని జవాబు అచ్చయి ఉంది కదా సార్, ఇక దాని మీద మాట్లాడుకోవడానికి ఏముంటుంది? అదే పాఠాన్ని ఇంకోలా అడగండి. భద్రతా మండలిలో 1945లో ఐదు శాశ్వత స్థానాలు పెట్టారు, ఇవాళ్టికీ ఐదే. మిగతా 10 తాత్కాలిక స్థానాలు, ఒక్కో దేశానికి రెండేళ్ల గడువు. 2021-22లో మన దేశం అలాగే ఉంది. మనకు శాశ్వత స్థానం రావాలంటే చార్టర్‌ను, అంటే సమితి మూల ఒప్పందాన్ని, సవరించాలి. మూడింట రెండొంతుల దేశాలు ఒప్పుకోవాలి, వాటిలో ఆ ఐదూ ఉండి తీరాలి. ఇంతవరకు మీరు చెప్పండి. ఆ తర్వాత ఐదుగురు పిల్లలకు ఆ ఐదు దేశాలు ఇచ్చి, ‘భారత్ వస్తే నీ దేశానికి లాభమా, నష్టమా? చెప్పు’ అనండి. మిగతావాళ్లంతా భారత్ తరఫున ప్రశ్నలు వేస్తారు.

శ్రోత: దాన్ని కూడా ఏఐని అడిగి తెచ్చి పెడతారు మేడమ్.

టీచర్: పెట్టనివ్వండి. దాని కిందే ఇంకొకరు ఎదురు ప్రశ్న వేయాలి, దానికి వాయిస్ మెసేజ్‌లో సొంత మాటల్లో జవాబు చెప్పాలి. రెండో మాటకు వచ్చేసరికి ఎవరి బుర్ర వాళ్లే వాడాలి. నేను చూసినంతలో పిల్లలకు అసలు సరదా కూడా అక్కడే మొదలవుతుంది.

ఇంకో సంగతి సార్. ప్రపంచ విషయం అనగానే మనం చాలా దూరం నుంచి మొదలుపెడతాం. 2022లో నేను పిల్లల్ని ఒకటే అడిగాను. ‘మీ ఇంట్లో నూనె ప్యాకెట్ ధర ఎందుకు పెరిగింది? కిరాణా షాపులో కనుక్కొని చెప్పండి’ అని. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది. మనం కొనే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద వాటా అప్పట్లో ఉక్రెయిన్ నుంచే వచ్చేది. అది చాలదన్నట్టు ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసి, మే నెలలో మళ్లీ వదిలింది. ఇదంతా నేను చెప్పలేదు, పిల్లలే ముక్కలు ముక్కలుగా తెచ్చారు. ఒకరు నల్ల సముద్రం నుంచి సూయజ్ మీదుగా ఓడ వచ్చే దారి పటం మీద గీసి ఫొటో పెట్టారు. అంతవరకు ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్లమ్మది మిర్చీ బజ్జీల బండి. వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: ‘టీచర్, మా అమ్మ రేటు పెంచలేదు, పెంచితే ఎవరూ రారంది. మిరపకాయలు చిన్నవి తెస్తోంది.’ ఆ ఒక్క మాట మీద రెండు రోజులు గ్రూప్ నడిచింది. ధర పెంచకుండా నష్టం ఎవరు భరిస్తున్నారు? కొనేవాళ్లా, అమ్మేవాళ్లా? ఇది అర్థశాస్త్రం సార్. వాడి దగ్గర ఉన్న జవాబు గైడులో లేదు, క్లాసు ఫస్ట్ వచ్చే పిల్లల దగ్గర కూడా లేదు.

శ్రోత: బాగుంది మేడమ్. కాకపోతే సగం మంది పిల్లలకు ఫోన్ లేదు. ఇంట్లో ఉన్న ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్తుంది, రాత్రికి గానీ ఇంటికి రాదు.

టీచర్: అందుకే ప్రశ్న రోజుకొకటి వద్దు. శనివారం పెట్టి వారమంతా తెరిచి ఉంచండి. ఫోన్ లేని పిల్లలు కాగితం మీద రాసిస్తే, ఫోన్ ఉన్నవాళ్లు ఫొటో తీసి వాళ్ల పేరుతోనే పెట్టాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఎవరికి ఏది వస్తే అందులో చెప్పనివ్వండి. తప్పులు దిద్దుతూ కూర్చోకండి సార్, స్పెల్లింగ్ దిద్దిన రోజునే పిల్లలు రాయడం మానేస్తారు. మీ అభిప్రాయం కూడా చివరిదాకా దాచుకోండి. సారు ఏమనుకుంటున్నారో తెలిస్తే అందరూ అదే అంటారు.

శ్రోత: దీనికి మార్కులు ఇవ్వొచ్చా?

టీచర్: ఎఫ్‌ఏలో, అదే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, ‘పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు’ అని ఉంది కదా, అందులో చూపించండి. ఎన్ని మెసేజ్‌లు పెట్టారని లెక్క కట్టొద్దు. అవతలి వాళ్ల మాట చదివి జవాబిచ్చారా లేదా అన్నదే చూడండి.

యాంకర్: తార్నాక నుంచి ఒక చెల్లి మాట్లాడుతోంది. చెప్పమ్మా.

శ్రోత (తార్నాక): టీచర్, నేను టెన్త్. మా గ్రూప్‌లో యుద్ధంలో చనిపోతున్న చిన్నపిల్లల గురించి రాశాను. ఒకబ్బాయి ‘నువ్వు ఎవరి వైపు’ అన్నాడు. ఇంకొకరు ‘ఆడపిల్లకు నీకెందుకివన్నీ’ అన్నారు. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. గ్రూప్‌లోంచి బయటికొచ్చేశాను.

టీచర్: నువ్వు రాసింది మంచి మాట తల్లీ. పిల్లలు చనిపోతున్నారని బాధపడటానికి ఎవరి వైపూ ఉండక్కర్లేదు. ఆ గ్రూప్ మీ సార్ పెట్టిందేనా?

శ్రోత: అవును టీచర్.

టీచర్: అయితే రేపు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పు. ఇది చాడీ చెప్పడం కాదు. గ్రూప్ పెట్టిన పెద్దవాళ్లు దాన్ని చూసుకోవాలి, అది వాళ్ల బాధ్యత. నాకైతే ఒక నియమం బాగా పనిచేసింది, మీ సార్‌కు చెప్పి చూడు. ఎదుటివాళ్లతో ఒప్పుకోనప్పుడు వాక్యం ‘నువ్వు’ అని మొదలుపెట్టకూడదు. ‘నువ్వు ఎవరి వైపు’ అనడానికి వీల్లేదు. ‘ఈ మాటకు ఆధారం ఏంటి’ అనొచ్చు. రెండింటికీ చాలా తేడా ఉంది కదా?

శ్రోత: ఉంది టీచర్. నేను ఒక ఫొటో కూడా పెట్టాను. అది పాతదని ఒకమ్మాయి అంది.

టీచర్: అది ఆ అమ్మాయి సరిగ్గా చేసిన పని. ఫొటో పెట్టే ముందు గూగుల్ లెన్స్‌లో వేసి చూడు. అంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. యుద్ధం, వరద, భూకంపం ఏది జరిగినా వేరే దేశం ఫొటోలు, వేరే ఏడాది ఫొటోలు తిరుగుతూనే ఉంటాయి. పాతదని తేలితే ‘అది పాత ఫొటో, తీసేస్తున్నాను’ అని ఒక లైను రాసి తీసెయ్. నువ్వు చెప్పిన అసలు మాట దానివల్ల అబద్ధం అయిపోదు. రాసేటప్పుడు జరిగింది ఒక లైన్‌లో, ఎక్కడ చదివావో ఇంకో లైన్‌లో, నీకేమనిపించిందో మూడో లైన్‌లో రాయి. అప్పుడు వాదించేవాళ్లకు దేని మీద వాదిస్తున్నారో తెలుస్తుంది.

యాంకర్: ఎవరైనా బెదిరిస్తే, అసభ్యంగా రాస్తే మేడమ్?

టీచర్: స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకొని, బ్లాక్ చేసి, ఆ రోజే ఇంట్లో చెప్పాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఇంట్లోవాళ్లకు నా మనవి ఒకటే, చెప్పగానే ఫోన్ లాక్కోకండి. లాక్కుంటారన్న భయంతోనే చాలామంది పిల్లలు దాచిపెడతారు. అమ్మా, మళ్లీ గ్రూప్‌లోకి వెళ్తావా?

శ్రోత: సార్‌తో మాట్లాడాక వెళ్తాను టీచర్.

టీచర్: వెళ్లు. నీలాంటి పిల్లలు మాట్లాడకపోతే ఆ నవ్విన వాళ్లే మిగులుతారు.

యాంకర్: కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ. త్వరగా చెప్పండమ్మా, ఇంకో కాలర్ ఉన్నారు.

శ్రోత (కూకట్‌పల్లి): మా బాబుకు పన్నెండేళ్లు మేడమ్. ఇలాంటి చర్చల కోసమని ఇన్‌స్టా అకౌంట్ కావాలంటున్నాడు.

టీచర్: వద్దమ్మా. దాని నియమాల ప్రకారమే 13 నిండాలి. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 లోపు వాళ్లను పిల్లలుగానే లెక్కేస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. ఆస్ట్రేలియాలో అయితే 2025 డిసెంబర్ నుంచి 16 లోపు పిల్లలకు ఇలాంటి అకౌంట్లే లేకుండా చేశారు. చర్చకు ఊరంతా చూసే అకౌంట్ అక్కర్లేదు, తెలిసిన పిల్లలు, ఒక టీచర్ ఉన్న చిన్న గ్రూప్ చాలు. అది మీ ఫోన్‌లోనే నడిపించండి. కావాలంటే ఆ ఆస్ట్రేలియా సంగతే బాబుకు మొదటి చర్చగా ఇవ్వండి. అది సరైన చట్టమా కాదా అని వాడే చెప్తాడు.

యాంకర్: అంబర్‌పేట నుంచి, చెప్పండి.

శ్రోత (అంబర్‌పేట): నమస్తే మేడమ్. నేను డిగ్రీ చదువుతూ సాయంత్రం బస్తీ పిల్లలకు ట్యూషన్ చెప్తాను. చెన్నైలో నా ఫ్రెండ్ కూడా ఇలాగే పిల్లలకు చెప్తాడు. రెండు వైపులా పిల్లల్ని వీడియో కాల్‌లో కలుపుదామనుకుంటున్నాం. ఏం మాట్లాడించాలో తెలియట్లేదు.

టీచర్: మీ పక్కనే మూసీ పెట్టుకొని అడుగుతావేంటి బాబూ? 1908 సెప్టెంబర్ 28 వరద గురించి పిల్లలకు చెప్పు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది, తీసుకెళ్లి చూపించు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇక 2020 అక్టోబర్‌లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మీ పిల్లల ఇళ్లల్లోనే చెప్తారు. చెన్నై పిల్లల దగ్గర 2015 డిసెంబర్ వరద ఉంది, అడయార్ నది ఉంది. రెండు ఊళ్లలో చెరువులు ఏమయ్యాయి, వరద ముందు ఎవరి ఇంటికి వచ్చింది, ఎందుకు వచ్చింది? అది మాట్లాడుకోనివ్వు.

శ్రోత: భాష ఇబ్బంది అవుతుందేమో మేడమ్. మా పిల్లలకు తమిళం రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రమే.

టీచర్: ముందు పటం, ఫొటోలు పంపుకోమను. మీ పిల్లలు తమ గల్లీ పటం గీసి 2020లో నీళ్లు వచ్చిన చోటంతా నీలం రంగు వేయాలి, చెన్నై పిల్లలూ 2015 వరదకు అలాగే వేయాలి. కాల్‌లో పిల్లలు పది మంది లోపే ఉండేలా చూడు, ఎక్కువైతే ఇద్దరే మాట్లాడతారు. వచ్చిన ఇంగ్లీషులో మాట్లాడతారు, రానిది నువ్వూ మీ ఫ్రెండూ చెప్పండి. కాల్‌కు ముందు తల్లిదండ్రులను అడగడం మర్చిపోకు. రికార్డు చేసినా, ఎక్కడా పెట్టొద్దు.

శ్రోత: పటం గీయించడం ఈ ఆదివారమే మొదలుపెడతాను మేడమ్.

టీచర్: మూసారంబాగ్ వంతెన దగ్గర నుంచి మొదలుపెట్టు బాబూ, పిల్లలకు బాగా తెలిసిన చోటు. గల్లీలో పెద్దవాళ్లను కూడా అడగమను. గోడ మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు చెయ్యి పెట్టి చూపిస్తారు, టేపుతో కొలిచి పటం మీద రాయమను.

యాంకర్: సమయం అయిపోయింది. మేడమ్‌కు, ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు. నమస్కారం.