మా ఇంటి హార్మోనియం, రేడియో, నలుగురి చెవులు

సభకు నమస్కారం.

నిర్వాహకులు ఫోన్ చేసి సంగీతం మీద మాట్లాడమన్నారు. నాకు ఆ అర్హత లేదండీ అన్నాను. మా ఇంట్లో మా అక్కకి తప్ప ఎవరికీ గురువు దగ్గర కూర్చున్న అనుభవం లేదు. కానీ రోజూ దీపాలు పెట్టే వేళకి హార్మోనియం మోగిన ఇల్లు మాది. స్వరాలు చదవడం రాకుండా, వినికిడి మీద ఎలా వాయించేవాళ్లమో చెప్తానంటే సరే అన్నారు. అంతకు మించి నా దగ్గర ఆశించకండి.

మాది తెనాలి పక్కన పల్లెటూరు. ఆ వైపు పద్యనాటకం అంటే ఎంత పిచ్చో మీకు చెప్పక్కర్లేదు. మా ఊళ్లోనూ ఓ నాటక సమాజం ఉండేది. అది మూతపడ్డాక, రావాల్సిన డబ్బుల కింద వాళ్ల హార్మోనియం మా పెదనాన్న చేతికొచ్చింది. ఆయన ఆ సమాజంలో హార్మోనిస్టు. ఆయన తర్వాత పెట్టె మా నాన్నకి వచ్చింది. నేర్పడం అంటూ ఏమీ జరగలేదు. అన్నగారు వాయిస్తుంటే తమ్ముడు పక్కన కూర్చునేవారు, అంతే.

పద్యానికి వాయించడం వేరే విద్య. పాటకి తాళం ఉంటుంది, పట్టుకుని నడవొచ్చు. పద్యానికి అదీ ఉండదు. నాలుగో పాదం చివర నటుడు రాగం ఎత్తుకున్నాడంటే ఎంతసేపు తీస్తాడో, ఎక్కడ దిగుతాడో ఒక్కోసారి ఆయనకే తెలీదు. జనం ‘వన్స్‌మోర్’ అని అరిస్తే మళ్లీ అదే పద్యం, కానీ సంగతులు, అంటే స్వరాల మలుపులు, వేరు. ఇందులో ముందుగా రాసుకోవడానికి ఏముంది? పెదనాన్న వాయించేటప్పుడు వేళ్లతో నొక్కే మెట్ల వైపు చూసేవారు కాదు, నటుడి మెడ వైపు చూసేవారు. కంఠం పక్కన నరం ఉబ్బితే పై షడ్జానికి, అంటే పై ‘స’కి, పోతున్నాడని అర్థం. భుజాలు దిగితే ఊపిరి అయిపోతోందని అర్థం. అప్పుడు గాలి కొట్టే తిత్తి మీద చెయ్యి తేలిక చేసి, నటుడి గొంతు ఆగేలోపు పెట్టె గొంతూ తగ్గించేవారు. చెవితో వాయించడం అంటాం గానీ, అందులో సగం కళ్లతోనే.

అసలు ఈ పెట్టె మనది కాదు. యూరప్‌లో కాలితో తొక్కుతూ వాయించే పెద్ద వాయిద్యంగా పుట్టింది. నేల మీద కూర్చుని ఎడం చేత్తో తిత్తి ఆడిస్తూ కుడి చేత్తో వాయించుకునే రూపం 19వ శతాబ్దంలో కలకత్తాలో తయారైంది. పార్శీ నాటకాల ప్రభావంతో తెలుగు రంగస్థలం మీదకొచ్చి కదలకుండా కూర్చుంది. సంగీతం తెలిసిన పెద్దలకి మాత్రం ఇదంటే చిన్నచూపు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కీ నచ్చలేదు. ఆకాశవాణి అయితే 1940లో నిషేధమే పెట్టి, 1971 దాకా స్టూడియో గడప తొక్కనివ్వలేదు. కారణం లేకపోలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉండే స్వరం ఇందులో పలకదు. తోడి రాగంలో గాంధారాన్ని, అంటే ‘గ’ స్వరాన్ని, ఊపమంటే హార్మోనియం ఏం చేస్తుంది పాపం? మా నాన్న పక్క మెట్టుని గోరంత తాకి వదిలి, గమకం, అంటే ఆ ఊపు, అనిపించేలా ఏదో చేసేవారు. తెలిసినవాళ్లు నవ్వేవాళ్లు. తెలియని మేము ఆహా అనేవాళ్లం. చిత్రమేమిటంటే, రేడియో వెలివేసిన వాయిద్యం మీద మేం వాయించిందంతా రేడియో విని పట్టుకున్నదే.

ఇక రేడియో సంగతి. పోస్టాఫీసులో లైసెన్సు డబ్బు కట్టి రేడియో పెట్టుకునే రోజులవి. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, మాకు బాగా దగ్గర కాబట్టి స్పష్టంగా వినపడేది. వివిధ భారతి 1957లో వచ్చింది. వీటన్నిటికన్నా మా ఇంట్లో గిరాకీ శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌కి. అందులో తెలుగు పాటలు వేసే అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినపడగానే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. కొత్త పాట వస్తుంది. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలీదు. వెనక్కి తిప్పి వినే వీల్లేదు. ఒక్క మనిషి ఒక్కసారి విని పాటంతా పట్టుకోవడం అయ్యే పని కాదు.

అందుకని పంచుకునేవాళ్లం. పల్లవి, మొదటి చరణం మాటలు అమ్మవి. రెండో చరణం పిన్నిది. చరణాల మధ్య వచ్చే వయొలిన్లు, వేణువులు అక్కవి. దరువు అన్నయ్యది, రాత పీట మీద వేళ్లతో కొట్టుకుంటూ వినేవాడు. నాకు చిన్నదాన్నని ఏదీ ఇచ్చేవాళ్లు కాదు. శ్రుతి మాత్రం నాన్నది. పాట వస్తుండగానే ఆధార షడ్జం ఏ మెట్టు మీద ఉందో ఆయన పట్టుకోవాలి. తిత్తి కదిలీ కదలనట్టు ఆడించి, ఒక్కో మెట్టూ నొక్కి చూసేవారు. ఎంత మెల్లగా నొక్కినా అది ‘ఙీ’మని మూలిగేది. “అబ్బ, ఆ పెట్టె ఆపండి, మాట పోయింది!” అని అమ్మ కసురుకునేది. పాట అయిపోగానే ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే తలలో ఉన్నది చెదిరిపోతుంది. ఒక్కొక్కరే తమ ముక్క అప్పజెప్పాలి. అమ్మ పాడుతుంది, నాన్న వెతుక్కుంటారు, “కాదు, అక్కడ ఇంకాస్త పైకి పోయింది” అంటుంది అక్క. “లేదు, కిందికే” అంటుంది పిన్ని. అన్నం చల్లారిపోయేది.

చెవితో వాయించేవాళ్లని మనం ఒంటరి ప్రతిభావంతులుగా ఊహించుకుంటాం. మా ఇంట్లో చూసింది అది కాదు. ఏ ఒక్కరి చెవీ గొప్పది కాదు. నలుగురి అరకొర జ్ఞాపకాలూ కలిస్తే ఒక పాట అయ్యేది. పిన్నికి పెళ్లయి వెళ్లిపోయాక కొన్నాళ్లు మా పాటలన్నిటికీ రెండో చరణం లేదు. నవ్వకండి, నిజం.

ఇంకో సంగతి. రేడియోలో పాట ఏ శ్రుతిలో ఉన్నా అమ్మ గొంతు దానికి రావాలని లేదు కదా. హార్మోనియం వాళ్ల లెక్కలో తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు, మధ్యలో నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. రేడియోలో పాట ఒకటిన్నరలో ఉంటుంది, అమ్మ ఐదున్నరలో పాడుతుంది. అంటే ప్రతి మెట్టూ మారిపోతుంది. ఇప్పటి కీబోర్డు మీద బటన్ నొక్కితే అయిపోయే పని. నాన్న వేళ్లే జరుపుకోవాలి. ఆ స్వరం రిషభమా (‘రి’), గాంధారమా (‘గ’) అని అడిగితే ఆయన తడుముకునేవారు. కానీ ఇక్కణ్ణుంచి అక్కడికి ఎంత దూరమో ఏ శ్రుతిలోనైనా తెలుసు. పేరు తెలీదు, దూరం తెలుసు. స్వరాలు చూసి వాయించేవాళ్లలో చాలామందికి పేరు తెలుసు గానీ శ్రుతి మారిస్తే చెమటలు పడతాయి. ఇది నేను కళ్లారా చూసే అంటున్నాను.

ఇక ఇంట్లో పిల్లలు పెట్టె మీద మొదట కనిపెట్టేది నల్లమెట్లు. అవి తక్కువ, ఎత్తుగా ఉంటాయి, వేలికి దొరుకుతాయి. నాలుగున్నర మెట్టుని షడ్జం అనుకుని నల్లమెట్లు మాత్రమే వరసగా వాయించండి, మోహన రాగం పలుకుతుంది. అవే ఐదు మెట్లు, ఐదున్నర దగ్గర మొదలుపెట్టండి, మధ్యమావతి. ఆరున్నర నుంచి హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధసావేరి. రెండున్నర నుంచి శుద్ధధన్యాసి. శాస్త్రంలో దీన్ని గ్రహభేదం అంటారట. అన్నయ్యకి ఆ మాటే తెలీదు. ఓ వేసవి సెలవుల్లో, నాన్న ఆఫీసుకి పోయిన సమయంలో, ఎక్కడ మొదలెడితే ఏ పాటలా ఉందో చూసుకుంటూ పోయాడు. “ఇక్కణ్ణుంచి ఏడుపొస్తోంది, ఇక్కణ్ణుంచి పెళ్లొస్తోంది” అని గుర్తులు పెట్టుకున్నాడు. ఆ మధ్యమావతిని మా ఇంట్లో ఇప్పటికీ ‘ఐదున్నర నల్లది’ అనే అంటాం.

అక్కని మాత్రం సంగీతం క్లాసులో చేర్చారు. అక్కడ మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో. అప్పటిదాకా ఇంట్లో ఎవరి వేళ్లూ ఆ దారిన పోలేదు. మోహన, కల్యాణి తనంతట తాను పట్టుకున్న పిల్ల అందులో ‘స’ పక్కనే ఉండే శుద్ధ రిషభం దగ్గర బిక్కమొహం వేసింది. పైగా బొటనవేలు వాడకుండా వాయించే మా ఇంటి అలవాటు చూసి టీచరు గారు చీవాట్లు పెట్టారు. ఆవిడ తప్పేమీ లేదు. వినికిడి విద్యని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. దానికి బోలెడు కంతలుంటాయి. నాన్నకి వేగం వచ్చేది కాదు, ఎందుకంటే రెండు వేళ్ల మీదే బండి నడిచేది. వినని రాగం ఆయనకి లేనట్టే. అక్క క్లాసులో నేర్చుకున్న వర్ణం ఇంట్లో వాయిస్తే మాత్రం నాన్న ముందుకు జరిగి కూర్చుని, ఆమె వేళ్లు ఎటు పోతున్నాయో చూసేవారు.

టేప్‌రికార్డర్ వచ్చాక గొడవలు తగ్గాయి. ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు. దాంతో ఎవరి ముక్కలు వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని పోయింది. ఎవరికి తీరికైతే వాళ్లు వింటారు. ఒక తమాషా మాత్రం మిగిలింది. బ్యాటరీలు దిగిపోతే టేపు నెమ్మదిస్తుంది, పాట అర మెట్టు కిందికి జారుతుంది. నాన్న పెట్టె మీద చూసుకుంటే ఏ మెట్టుతోనూ కలవదు. రీడ్లు పాడయ్యాయని మరమ్మతు చేసేవాణ్ణి పిలిపించారు కూడా. అతను రీడ్లు తుడిచి, డబ్బులు తీసుకుని, “టేపులో సెల్లులు మార్చండి సార్” అని చెప్పి వెళ్లాడు.

మొన్న మా అన్నయ్య మనవడు డాలస్ నుంచి ఓ యూట్యూబ్ లింకు పంపాడు. మా ఇంట్లో పెళ్లిళ్లలో తప్పకుండా పాడే పాట అది. దాని అసలు రికార్డు మేం ఇన్నేళ్లలో మళ్లీ వినలేదు. సిలోన్‌లో విన్నదే. షార్ట్‌వేవ్‌లో గొంతు అలలా వచ్చి పోతుండేది కదా, మొదటి చరణం అయ్యాక వేణువు ముక్క సరిగ్గా అప్పుడే మాయమైంది. అక్క ఎంత గింజుకున్నా దొరకలేదు. నాన్న అక్కడ తనకి తోచింది వేసి పూడ్చారు. ఆ ముక్కతోనే మా పిల్లలు, వాళ్ల పిల్లలూ నేర్చుకున్నారు. ఇప్పుడు రికార్డులో వింటే వేణువు కిందికి దిగుతోంది. మాది పైకి ఎక్కుతుంది. నాన్నకి ఇప్పుడు తొంభై దాటాయి, వినికిడి మిషన్ పెట్టుకుంటారు. ఫోన్ చెవి దగ్గర పెట్టి వినిపించాం. ఇంకోసారి వెయ్యమన్నారు. విని, “వాళ్లదీ బాగానే ఉంది” అన్నారు.

అక్క పెట్టె తెచ్చింది, అదిగో ముందు వరసలో కూర్చుంది. ఆ వేణువు ముక్క రెండు విధాలుగానూ వాయిస్తుంది. ఏది రికార్డుదో, ఏది నాన్నదో మీరే చెప్పండి. అక్కా, రా.