మూడో ఏట తత్త్వశాస్త్రంలో ఏ కోర్సులు తీసుకోవాలి?

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెలలో ఆత్మకూరు నుంచి ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని నెల్లూరులో మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో తత్త్వశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ రెండేళ్లు పూర్తి చేసింది. మూడో ఏటి ఎలక్టివ్ కోర్సుల పట్టికను ఫోనులో చూపించి, "సార్, వీటిలో ఏవి తీసుకుంటే మంచిది?" అని అడిగింది. "ఏది తీసుకుంటే ఉపాధి దొరుకుతుందో అది కూడా చెప్పండి సార్" అన్నారు వాళ్ల నాన్న.

మన జిల్లాలోని సర్వేపల్లిని ఇంటిపేరుగా మోసిన రాధాకృష్ణన్ గారికి ఈ తంటా లేకపోయింది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరినప్పుడు, అప్పటికే చదువు ముగించిన బంధువు ఒకాయన తన తత్త్వశాస్త్ర పుస్తకాలు ఇవ్వడంతో, కొనే ఖర్చు తప్పుతుందని ఆ శాస్త్రమే చదివారని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. అందరికీ అలా కలిసిరాదు.

పట్టికలో పేర్లన్నీ ఘనంగానే ఉన్నాయి: అస్తిత్వవాదం, భాషాతత్త్వం, రాజనీతి తత్త్వం, న్యాయదర్శనం, హ్యూమ్ నుంచి కాంట్ వరకు. పేరు చూసి కోర్సు తీసుకోవడం ఎంత పొరపాటో నాకు అనుభవమే. నా విద్యార్థి దశలో ఆధునిక పాశ్చాత్య తత్త్వశాస్త్రం అన్న పేరుకు ముచ్చటపడి చేరితే, ఒక్క ఏడాదిలో పద్నాలుగు మంది తత్త్వవేత్తలను ఒకరి వెనుక ఒకరిని పరుగెత్తించారు. పరీక్ష గట్టెక్కాను గాని, వారిలో ఒక్కరు రాసిన పది పేజీలైనా నేరుగా చదివిన పాపాన పోలేదు. అందుకే డిగ్రీ చివరి దశకు వచ్చిన విద్యార్థి, పదిమందిని పరిచయం చేసే కోర్సు కన్నా, ఒక్క గ్రంథాన్ని వాక్యం వెంట వాక్యంగా చదివించే కోర్సునే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

అలా చదవడం ఎలా ఉంటుందో, మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనానికి ప్రవేశగ్రంథం లాంటి అన్నంభట్టు తర్కసంగ్రహం నుంచి చూద్దాం. పుస్తకం చాలా చిన్నది. ఉదయగిరి కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పు ఉందంటాం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం, అంటే వ్యాప్తి, మనకు వంటింట్లో తెలిసింది. మరి నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? కమ్మరి కొలిమిలోంచి తీసిన ఎర్రటి ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె కూడా తోడు కావాలి. ఇలా అదనంగా తోడు కావలసిన షరతును, ఇక్కడ తడి కట్టెను, నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, ఉపాధి అన్నారు. ఎన్ని వంటిళ్లు చూసినా, చూడనిచోట కూడా అంతేనని ఎలా చెప్పగలరని, కంటికి కనిపించిందే ప్రమాణమనే చార్వాకులు నిలదీశారు. 1739లో తొలి గ్రంథం వెలువరించిన స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్, కార్యకారణ సంబంధం మీద వేసిన ప్రశ్న దీనికి దగ్గరి చుట్టమే. కనుక న్యాయదర్శనం, హ్యూమ్ ఒకే ఏడాది చదివితే రెండూ ఒకదానికొకటి అర్థమవుతాయి.

వరుస కూడా ముఖ్యమే. పిడివాదపు నిద్ర నుంచి తనను లేపినవాడు హ్యూమేనని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1783లో స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ నిద్ర లేపిన ప్రశ్న ఏమిటో తెలియకుండా కాంట్ దగ్గరికి వెళ్లినవారు మొదటి నెలలోనే పుస్తకం మూసేయడం నేను చూశాను. ఆధునిక తర్కశాస్త్రం ఇంకా చదవనివారు భాషాతత్త్వానికి ముందే అది పూర్తి చేసుకోవాలి.

తక్కినవి సీనియర్లను అడిగి తెలుసుకోవచ్చు. సెమిస్టరుకు ఎన్ని వ్యాసాలు రాయిస్తారు, దిద్ది తిరిగి ఇస్తారా, పాత ప్రశ్నపత్రం ఎలా ఉంది అన్నవి చాలు. వ్యాసం దిద్దని చోట ఎంత గొప్ప కోర్సైనా నేను సిఫారసు చేయను.

ఇక తండ్రి గారి ప్రశ్న. సివిల్స్ మెయిన్స్‌లో తత్త్వశాస్త్రం ఐచ్ఛికాంశంగా ఉంది, రెండు పేపర్లకు కలిపి 500 మార్కులు. న్యాయదర్శనం, హ్యూమ్, కాంట్ ముగ్గురూ ఆ సిలబస్‌లో ఉన్నారు కాబట్టి ఈ ఎంపిక వల్ల నష్టం లేదు. దాని కోసమే కోర్సులు ఏరుకుంటే మాత్రం మళ్లీ ఆ పద్నాలుగు మంది పరుగే మిగులుతుంది.

ఆ అమ్మాయి న్యాయదర్శనం, హ్యూమ్–కాంట్, రాజనీతి తత్త్వం ఉంచుకుని, అస్తిత్వవాదాన్ని నాలుగో ఏటి ఆనర్సుకు వాయిదా వేసుకుంది. సంస్కృతం రాకుండా న్యాయం చదవగలనా అని చివరి సందేహం. అనువాదంతో మొదలుపెట్టవచ్చు. అయితే వ్యాప్తి, పక్షం, హేతువు వంటి మాటలను వాడుక అర్థంలో కాక శాస్త్రం చెప్పిన అర్థంలోనే పట్టుకోవాలని చెప్పి, ఉపాధి కూడా అలాంటిదే అన్నాను. ఆ మాట వినగానే వాళ్ల నాన్న ఆశగా తలెత్తి చూశారు. తడి కట్టె సంగతి ఆయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది.