ద్రాక్ష పేరు వేరు, వైన్ తీరు వేరు

నమస్కారం. మన నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మద్యం దుకాణం బోర్డు మీద ‘వైన్స్’ అని రాసి ఉంటుంది. లోపలికి వెళ్లి చూస్తే అరల నిండా విస్కీ, బ్రాందీ, బీరు ఉంటాయి. ద్రాక్షతో చేసిన వైన్ మాత్రం ఏదో ఒక మూలన నాలుగు సీసాలకు మించి కనబడదు. ఆ నాలుగింటిలో ఒకదాన్ని కొని, రెండు గుక్కలు తాగి, ‘నాకు షార్డొనే పడదు’, ‘షిరాజ్ అంటే ఒట్టి చేదు’ అని మొత్తం ద్రాక్ష రకం మీదే తీర్పు చెప్పేవారిని నేను తరచూ చూస్తున్నాను. అది ఆ ద్రాక్షకు జరుగుతున్న అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఈ వీడియో చేయడానికి కారణం కూడా అదే.

ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెట్టును బట్టి రుచి మారుతుంది. అందులో సందేహం లేదు. అయితే అదే ఈతచెట్టు నుండి గౌడన్న తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండ ముదిరేసరికి పులుపెక్కుతుంది, పొద్దుగూకే వేళకు ఘాటుగా మారుతుంది. లొట్టి లోపల సున్నం పూసి కట్టితే అదే రసం పులియకుండా నీరాగా నిలుస్తుంది. సాయంత్రం పులిసిన కల్లు తాగి ‘నాకు ఈతచెట్టే పడదు’ అని మన ఊళ్లో ఎవరూ అనరు, ఎందుకంటే ఆ పులుపు చెట్టుది కాదని, వేళదీ లొట్టిదీ అని అందరికీ తెలుసు. షార్డొనే విషయంలో మనం అంటున్న మాట సరిగ్గా అటువంటిదే.

షార్డొనే తెల్లద్రాక్ష రకం. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతానికి ఉత్తరపు అంచున ఉండే షాబ్లీలో, చల్లని వాతావరణంలో, సున్నపురాతి నేలల్లో పండిన ఈ ద్రాక్షను ఎక్కువ మంది ఉత్పత్తిదారులు ఉక్కు తొట్లలోనే పులియబెడతారు కాబట్టి, ఆ వైన్ నిమ్మరసాన్నీ పచ్చి ఆపిల్‌నూ గుర్తుచేసే చురుకైన పులుపుతో ఉంటుంది. అదే ద్రాక్షను కాలిఫోర్నియా ఎండలో బాగా పండనిచ్చి, ఓక్ అనే చెక్కతో చేసిన కొత్త పీపాల్లో నిలవ ఉంచి, పచ్చి ఆపిల్ పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా చేత లాక్టిక్ ఆమ్లంగా మార్పిస్తే, పులుపు మెత్తబడుతుంది. లాక్టిక్ ఆమ్లమంటే మన పెరుగులో ఉండే పులుపే. ఆ మార్పులో డైఅసిటైల్ అనే పదార్థం కూడా పుడుతుంది. వెన్నకు ఆ కమ్మని వాసన దానివల్లనే వస్తుంది. అందుకే అటువంటి షార్డొనేలో వెన్న వాసన, ఓక్ పీపా ఇచ్చే వెనిలా వాసన గుప్పుమంటాయి. 1990లలో ఈ తరహా వైన్లు మితిమీరి, అమెరికాలో ‘షార్డొనే తప్ప మరేదైనా సరే’ అనే మాట పుట్టింది. వారికి విసుగు పుట్టించింది ఓక్, వెన్న. నింద పడింది ద్రాక్ష మీద. లొట్టి చేసిన పనికి చెట్టును తిట్టడమంటే ఇదే.

ఎర్రవైన్లలోనూ ఇదే కథ. ఫ్రాన్స్ రోన్ లోయలో సిరా అని, ఆస్ట్రేలియాలో షిరాజ్ అని పిలిచేది ఒకే ద్రాక్షను. చల్లని చోట పండితే అందులో మిరియాల వాసన వస్తుంది. ఆ వాసనకు మూలమైన రొటన్‌డోన్ అనే పదార్థాన్ని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గుర్తించారు, మన వంటింటి మిరియాల్లోనూ అదే ఉంటుంది. ఆస్ట్రేలియాలోని బరోసా లోయ వంటి వేడి చోట పండితే మిరియం వెనక్కి తగ్గి, జామ్ వంటి మగ్గిన పండ్ల రుచి, ఎక్కువ ఆల్కహాలు ముందుకు వస్తాయి. నాకు రోన్ తీరే ఎక్కువ ఇష్టం, కానీ బరోసా తీరును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

ఇక తీపి సంగతి. మన దగ్గర చాలామందికి పరిచయమైన మొదటి వైన్, గోవాలో తయారై పోర్ట్ పేరుతో అమ్ముడయ్యే తియ్యని ఎర్రవైన్. దానివల్ల వైన్ అంటే తియ్యగానే ఉండాలనే అభిప్రాయం స్థిరపడింది. నిజానికి ద్రాక్షరసంలోని చక్కెర అంతా పులిసిపోతే మిగిలేది తీపి లేని వైన్. దానినే ‘డ్రై’ అంటారు. లీటరుకు దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది, అంటే 220 గ్రాముల చక్కెర ఉన్న రసం పూర్తిగా పులిస్తే సుమారు 13 శాతం. పులియడాన్ని మధ్యలోనే ఆపితే తీపి మిగులుతుంది. మళ్లీ మన ఈతచెట్టు దగ్గరికే వచ్చాము: పొద్దటి కల్లు, మాపటి కల్లు. ఫ్రాన్స్ లువార్ లోయలోని వూవ్రే అనే చోట షెనిన్ బ్లాన్ అనే ఒకే ద్రాక్ష నుండి తీపి లేనివి, కొద్దిగా తియ్యనివి, బాగా తియ్యనివి, నురగ వచ్చేవి కూడా చేస్తారు. నాకు అన్నిటికంటే ప్రియమైన ద్రాక్ష ఇదే. మన నాసిక్ ప్రాంతంలోనూ ఇది విరివిగా పండుతోంది కాబట్టి, దీనిని రుచి చూడడానికి ఫ్రాన్స్ దాకా వెళ్లనవసరం లేదు.

షిరాజ్, కాబర్నే వంటి ఎర్రవైన్లు చేదు అనేవారికి ఒక మాట. మీ నాలుకకు తగిలింది చాలాసార్లు చేదు కాదు, వగరు. నేరేడు పండు తిన్నాక నోరు పిడచగట్టినట్టు అవుతుంది కదా, అదే అది. ద్రాక్ష తోలులో, గింజలో ఉండే టానిన్లు దానికి కారణం. ఉగాది పచ్చడి తినే మనకు చేదునూ వగరునూ విడివిడిగా గుర్తించే మాటలు ఉన్నాయి. వాటిని వైన్ దగ్గర వాడకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎర్రవైన్‌కు రంగు వచ్చేది కూడా ఆ తోలు నుండే. తోలును వెంటనే వేరు చేస్తే నల్లద్రాక్ష నుండి కూడా తెల్లవైన్ వస్తుంది. షాంపేన్‌లో పీనో నువార్ అనే నల్లద్రాక్ష ఉండడం అందుకే సాధ్యమైంది.

రంగు మన నాలుకను ఎంతగా నడిపిస్తుందో చెప్పే ఒక ప్రయోగాన్ని మాత్రం వదలలేను. 2001లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి వాసన లేని ఎర్రరంగు కలిపిన తెల్లవైన్ ఇస్తే, వారు దానిని ఎర్రవైన్‌కు వాడే మాటలతో వర్ణించారు.

సమయం దగ్గరపడింది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. ఎర్రవైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చల్లని దేశాల గదులకు సంబంధించినది. 42 డిగ్రీల పాలమూరు మే నెలకు అది వర్తించదు. ఎర్రదానికి 16 నుండి 18 డిగ్రీలు, తెల్లదానికి 8 నుండి 12 డిగ్రీలు సరిపోతాయి, కనుక మన వేసవిలో ఎర్రసీసాను కూడా కొంతసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎక్కువ ఆల్కహాలు, ఎక్కువ వగరు కలిస్తే మిరపకారపు మంట పెరుగుతుంది. కారం దండిగా వేసిన నాటుకోడి పులుసు పక్కన కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాన్ పెట్టి చూడండి. పాతబడిన కొద్దీ వైన్ బాగుపడుతుందన్నది కొన్నింటికే నిజం, దుకాణంలో దొరికే సాధారణ సీసాలు ఒకటి రెండేళ్లలో తాగడానికి చేసినవే. మూత తీసిన సీసాను బిగించి ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో ముగించండి, ఎందుకంటే గాలి తగిలిన వైన్ కూడా నిలవ కల్లులాగే చివరకు వెనిగర్ దారి పడుతుంది.